ఆ రంగు పట్టీ ఏమడుగుతోంది? ఇంటి ల్యాప్‌టాప్‌లో మాక్రో హెచ్చరికలు



మీ అమ్మాయి గ్రూప్ ప్రాజెక్టు ఫైల్‌ను ఇంటి ల్యాప్‌టాప్‌లో తెరిచిందనుకోండి. వర్డ్ తెర పైభాగాన, మెనూల కింద, అడ్డంగా ఒక పసుపు పట్టీ వస్తుంది. సెక్యూరిటీ వార్నింగ్, మాక్రోలను ఆపి ఉంచాం అని ఇంగ్లిషులో రాసి ఉంటుంది. పక్కనే ‘ఎనేబుల్ కంటెంట్’ అనే బటన్. రాత్రి తొమ్మిదిన్నర దాటింది, పొద్దున్నే స్కూలు బస్సు వస్తుంది, ప్రింటు ఇంకా తీయలేదు. అలాంటప్పుడు ఆ పట్టీలో ఏముందో చదివే ఓపిక ఎవరికుంటుంది? బటన్ నొక్కేస్తారు. పట్టీ మాయమవుతుంది. పని అయిపోయిందనుకుంటారు.

పేరెంట్ మీటింగుల్లో కంప్యూటర్ టీచర్లను అడిగే ప్రశ్న కూడా ఇదే తీరులో ఉంటుంది: “ఈ మెసేజ్ రాకుండా చేయడమెలా సార్?” ఈ నెల పాఠం ఆ ప్రశ్నకు జవాబే. అయితే ముందుగా ఒక మాట. ఆ పట్టీ వచ్చిందంటే కంప్యూటర్ పాడైందని కాదు. ఈ ఫైల్ ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలుసా అని అది మిమ్మల్ని అడుగుతోంది. ఆ జవాబు ఏ సెట్టింగులోనూ దొరకదు. మీకు తెలిసి ఉండాలి, లేదా ఫైల్ పంపినవారిని అడిగి తెలుసుకోవాలి. జవాబు తెలిసిన ఫైల్‌కు, ఆ ఒక్క ఫైల్‌కే అనుమతి ఇచ్చే దారి ఉంది. అన్ని ఫైళ్లకూ ఒకేసారి తలుపు తీసిపెట్టే దారి కూడా ఉంది. చాలామంది ఇళ్లలో జరుగుతున్నది రెండోది. ఫీజు కట్టేది, బ్యాంకు చూసుకునేది, ఇంటి లోను కాగితాలు దాచుకునేది, పిల్లలు హోంవర్క్ చేసేది అన్నీ ఒకే ల్యాప్‌టాప్‌లో కాబట్టి ఈ తేడా తెలుసుకోవడం ముఖ్యం.

మాక్రో అంటే ఏమిటి?

మాక్రో అంటే డాక్యుమెంట్ లోపల దాగి ఉండే చిన్న ప్రోగ్రామ్. రోజుకు పదిసార్లు చేయాల్సిన పనిని ఒక్క నొక్కుతో అయ్యేలా రాసిపెట్టుకోవడం. నాచారం పారిశ్రామికవాడలో చిన్న యూనిట్ నడిపేవారికి దీని విలువ బాగా తెలుసు. రోజూ బిల్లులు, కొటేషన్లు, డెలివరీ చలాన్లు. ప్రతి బిల్లు కిందా మొత్తాన్ని అక్షరాల్లో రాయాలి. 3,47,250 అని అంకెల్లో ఉంటే ‘మూడు లక్షల నలభై ఏడు వేల రెండు వందల యాభై రూపాయలు మాత్రమే’ అని రావాలి. వర్డ్‌లో అంకెను అక్షరాల్లోకి మార్చే సదుపాయం ఉంది కానీ దానికి లక్ష అంటే తెలియదు. వంద వేలు అనే పద్ధతిలోనే లెక్కపెడుతుంది. పైగా 9,99,999 దాటితే చేతులెత్తేస్తుంది. ఎక్సెల్ సంగతి ఇంకా విచిత్రం. థాయ్‌లాండ్ బాత్‌ను థాయ్ అక్షరాల్లో రాసే ఫార్ములా అందులో ఉంది, మన రూపాయికి మాత్రం లేదు. అందుకే మన అకౌంటెంట్లు లక్షలు, కోట్లు తెలిసిన మాక్రోను ఒకటి సంపాదించి బిల్లు ఫైల్‌లో పెట్టుకుంటారు. ఆ మాక్రో వల్ల ఎవరికీ హాని లేదు. రోజుకు అరగంట పని తగ్గుతుంది.

కానీ అదే శక్తితో ఇంకెన్నో చేయవచ్చు. మాక్రో మీ ఫోల్డర్లలోని ఫైళ్లను తెరవగలదు, తుడిచేయగలదు. ఇంటర్నెట్ నుంచి మరో ప్రోగ్రామ్‌ను దించుకొని మీకు తెలియకుండా నడపగలదు. మీ పేరుతో మెయిళ్లు పంపగలదు. ఫైల్ తెరవగానే దానంతటది మొదలయ్యేలా కూడా రాయవచ్చు. బయటికి మాత్రం మామూలు డాక్యుమెంట్‌లాగే కనిపిస్తుంది.

ఇది కొత్త సమస్య కాదు. వర్డ్ ఫైళ్ల ద్వారా జనంలో పాకిన మొదటి మాక్రో వైరస్ పేరు కాన్సెప్ట్, 1995 నాటిది. అది పెద్దగా నష్టం చేయలేదు. తెర మీద చిన్న పెట్టె, అందులో 1 అనే అంకె, అంతే. అయినా అది మైక్రోసాఫ్ట్ వారు స్వయంగా పంపిణీ చేసిన ఒక సీడీలో కూడా దూరిపోయింది. ఆ తర్వాత 1999 మార్చి 26న మెలిస్సా వచ్చింది. అమెరికాలోని న్యూజెర్సీకి చెందిన డేవిడ్ స్మిత్ దాన్ని వదిలాడు. ఎవరైనా ఆ వర్డ్ ఫైల్ తెరిస్తే చాలు, వాళ్ల అవుట్‌లుక్ అడ్రస్ పుస్తకంలోని మొదటి 50 మందికి అదే ఫైల్ మెయిల్‌లో వెళ్లిపోయేది. పెద్ద పెద్ద కంపెనీలు మెయిల్ సర్వర్లు ఆపుకోవాల్సి వచ్చింది. స్మిత్‌కు 2002లో 20 నెలల జైలు శిక్ష పడింది.

మెలిస్సా విషయంలో తల్లిదండ్రులు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఆ మెయిల్ ముక్కూమొహం తెలియనివాడి నుంచి రాలేదు. మీ సహోద్యోగి పేరుతో, మీ బంధువు పేరుతో వచ్చింది. తెలిసినవాళ్లే పంపారు కదా అని తెరిచారు. ఇవాళ క్లాస్ వాట్సాప్ గ్రూపులో ఒక ఫైల్ పడితే మనం ఆలోచించే తీరు కూడా ఇదే. ‘ఫలానా బాబు వాళ్ల అమ్మగారు పెట్టారు, మంచిదే అయ్యుంటుంది.’ ఆవిడ మంచివారే. ఆ ఫైల్ ఆవిడకు ఎక్కడి నుంచి వచ్చిందన్నదే ప్రశ్న.

మూడు పట్టీలు, మూడు మాటలు

వర్డ్‌లో పైన వచ్చే పట్టీలన్నీ ఒకటే అనుకోవడం వల్ల సగం గందరగోళం వస్తోంది. వాటిని విడివిడిగా చూద్దాం.

ప్రొటెక్టెడ్ వ్యూ అని రాసి, పక్కన ‘ఎనేబుల్ ఎడిటింగ్’ బటన్ ఉండే పసుపు పట్టీకి మాక్రోలతో నేరుగా సంబంధం లేదు. ఫైల్ ఇంటర్నెట్ నుంచో మెయిల్ నుంచో వచ్చింది కాబట్టి అద్దాల పెట్టెలో పెట్టి చూపిస్తున్నాం అని చెబుతుంది. 2010 వర్షన్ నుంచి ఉంది. చదవడానికే అయితే ఈ బటన్ నొక్కే అవసరమే లేదు. మార్పులు చేయాలన్నా, ప్రింటు తీయాలన్నా మాత్రమే దాన్ని దాటాలి. టీచర్ పంపిన వర్క్‌షీట్‌ను ఊరికే చూసేందుకు ఎనేబుల్ ఎడిటింగ్ నొక్కే అలవాటు పిల్లలకు బాగా ఉంది. మెల్లగా మాన్పించండి.

సెక్యూరిటీ వార్నింగ్ అని రాసి, ‘ఎనేబుల్ కంటెంట్’ బటన్ ఉండే పసుపు పట్టీ మాక్రోలకు సంబంధించింది. ఫైల్‌లో మాక్రో ఉంది, ఆపి ఉంచాం, నడపమంటారా అని అడుగుతోంది. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఒకసారి మీరు ఆ బటన్ నొక్కితే వర్డ్ ఆ ఫైల్‌ను నమ్మకమైన వాటి జాబితాలో రాసుకుంటుంది. మళ్లీ అదే కంప్యూటర్‌లో ఆ ఫైల్ తెరిస్తే పట్టీ రాదు. అంటే ఆ నొక్కు ఇవాళ్టికి మాత్రమే కాదు. ఎప్పుడో తెలియక నొక్కామని అనుమానముంటే ఫైల్ మెనూలో ఆప్షన్స్, అందులో ట్రస్ట్ సెంటర్, ట్రస్ట్ సెంటర్ సెట్టింగ్స్, అక్కడ ట్రస్టెడ్ డాక్యుమెంట్స్‌కు వెళ్లి జాబితా మొత్తం క్లియర్ చేయవచ్చు. అప్పటి నుంచి ప్రతి ఫైల్‌కూ మళ్లీ కొత్తగా అడుగుతుంది.

మూడోది ఎరుపు పట్టీ. సెక్యూరిటీ రిస్క్ అని ఉంటుంది. ఫైల్ వచ్చిన చోటు నమ్మదగినది కాదు కాబట్టి మాక్రోలను అడ్డుకున్నాం అంటుంది. దీనికి ఎనేబుల్ బటన్ ఉండదు. ‘లెర్న్ మోర్’ అనే బటన్ ఒక్కటే ఉంటుంది, అది ఒక వివరణ పేజీకి తీసుకెళ్తుంది. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలో మాక్రోలను ఇలా పూర్తిగా అడ్డుకుంటామని మైక్రోసాఫ్ట్ 2022 ఫిబ్రవరిలో ప్రకటించింది. ఆ ఏడాది జులైలో కాస్త వెనక్కి తగ్గి, అదే నెలలో మళ్లీ మొదలుపెట్టింది. విండోస్‌లో నడిచే వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్ వంటి వాటికి ఇది వర్తిస్తుంది. కారణం లేకుండా చేయలేదు. 2014 నుంచి తిరిగిన ఎమోటెట్ అనే మాల్‌వేర్ ఎక్కువగా పాకింది మెయిల్‌లో వచ్చిన వర్డ్ ఫైళ్లతోనే. ఆ ఫైల్ తెరిస్తే అచ్చం వర్డ్ రాసినట్టే ఒక బొమ్మ కనిపించేది: ఇది పాత వర్షన్‌లో తయారైన డాక్యుమెంట్, చూడాలంటే ముందు ఎనేబుల్ ఎడిటింగ్, తర్వాత ఎనేబుల్ కంటెంట్ నొక్కండి అని. జనం నొక్కారు. 2021 జనవరిలో అనేక దేశాల పోలీసులు కలిసి దాని సర్వర్లను స్వాధీనం చేసుకున్నారు. ఆ నవంబరుకే అది మళ్లీ బయలుదేరింది. ఒక్క బటన్ తీసేయడం ఎందుకు అవసరమైందో దీన్నిబట్టి అర్థమవుతుంది. పట్టీ పైన ఉంటుంది, డాక్యుమెంట్ కింద ఉంటుంది. ‘ఎనేబుల్ నొక్కండి’ అని డాక్యుమెంటే మిమ్మల్ని బతిమాలుతుంటే ఆ ఫైల్‌ను అక్కడే మూసేయండి.

మంచి ఫైల్‌కూ ఎర్ర పట్టీ వస్తే?

వస్తుంది. జులై నెలలో చాలా ఇళ్లలో వస్తుంది. ఆదాయపు పన్ను రిటర్ను వేయడానికి ఆ శాఖ ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో ఇచ్చే ఎక్సెల్ యుటిలిటీ మాక్రోలతోనే నడుస్తుంది. వ్యాపారం ఉన్నవారు వాడే జీఎస్‌టీ వార్షిక రిటర్ను ఆఫ్‌లైన్ టూల్ కూడా అంతే. ఇవి అసలైన ప్రభుత్వ ఫైళ్లు. అయినా ఇంటర్నెట్ నుంచి వచ్చాయి కాబట్టి వర్డ్‌కు, ఎక్సెల్‌కు వాటి మీద కూడా అనుమానమే. విండోస్‌లో డౌన్‌లోడ్ అయిన ప్రతి ఫైల్‌కూ కంటికి కనిపించని ఒక ముద్ర పడుతుంది, బయటి నుంచి వచ్చింది అని. ఎర్ర పట్టీ ఆ ముద్రను చూసే వస్తుంది. లోపల మాక్రో మంచిదా చెడ్డదా అన్నది అది చూడదు.

అలాంటి ఫైల్‌కు చేయాల్సింది ఇది. ముందుగా వర్డ్ లేదా ఎక్సెల్‌ను మూసేయండి. ఫైల్ ఉన్న ఫోల్డర్‌కు వెళ్లి, దాని మీద మౌస్ కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్ తెరవండి. జనరల్ అనే ట్యాబ్‌లో అట్టడుగున ‘అన్‌బ్లాక్’ అని చిన్న గడి ఉంటుంది. అందులో టిక్ పెట్టి ఓకే కొట్టండి. ఆ ముద్ర చెరిగిపోతుంది. ఇప్పుడు తెరిస్తే ఎర్ర పట్టీ బదులు మామూలు పసుపు పట్టీ వస్తుంది, అక్కడ ఎనేబుల్ కంటెంట్ నొక్కవచ్చు. పన్ను యుటిలిటీ జిప్ ఫైల్‌గా వస్తుంది కదా, జిప్‌ను విప్పకముందే దానికి ఈ అన్‌బ్లాక్ చేస్తే లోపలి ఫైల్‌కు మళ్లీ చేయాల్సిన పని ఉండదు.

షరతు ఒక్కటే. ఆ యుటిలిటీని పోర్టల్ చిరునామా మీరే టైప్ చేసి, మీరే డౌన్‌లోడ్ చేసి ఉండాలి. అదే పేరుతో, అదే బొమ్మతో ఎవరో వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసిన ఫైల్‌కు అన్‌బ్లాక్ చేయకండి, పంపింది మీ తమ్ముడైనా సరే. రెండు ఫైళ్లూ చూడటానికి ఒకేలా ఉండవచ్చు, తేడా అవి వచ్చిన దారిలోనే ఉంటుంది. మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. అకౌంటెంట్ మెయిల్‌లో పంపిన బిల్లు ఫైల్ విషయంలోనూ ఇదే పద్ధతి. ఒక్క ఫోన్ చేయండి: “అన్నా, ఈ ఫైల్ నువ్వే పంపావా? ఇందులో మాక్రో ఉండాల్నా?” మెయిల్‌కు జవాబుగా మెయిల్ రాసి అడగడం కాదు, ఫోనే చేయండి. మెయిలే దొంగ చేతిలో ఉంటే జవాబు కూడా వాడే ఇస్తాడు.

చేయకూడని మరమ్మతు

ట్రస్ట్ సెంటర్‌లో మాక్రో సెట్టింగ్స్ అని ఉంటుంది. అందులో నాలుగు వరుసలు. అన్నిటికన్నా కిందిది ‘ఎనేబుల్ ఆల్ మాక్రోస్’. మైక్రోసాఫ్ట్ వారే దాని పక్కన సిఫార్సు చేయం, ప్రమాదకరమైన కోడ్ నడవవచ్చు అని రాసిపెట్టారు. ఈ మెసేజ్ రాకుండా చేయమని రిపేర్ షాపులో అడిగితే, యూట్యూబ్‌లో వెతికితే, ఎక్కువసార్లు దొరికే జవాబు ఈ వరుసే. పని చేస్తుంది కూడా. పసుపు పట్టీ ఇక రాదు. ఇంట్లో కరెంటు మాటిమాటికీ ట్రిప్ అవుతోందని ఎంసీబీని తీసేసి వైర్లు కలిపేయడం లాంటిది ఇది. ఫ్యాన్ తిరుగుతుంది.

ఈ పేజీ పక్కన పెట్టి మీ ల్యాప్‌టాప్‌లో ఒకసారి చూడండి. ఫైల్, ఆప్షన్స్, ట్రస్ట్ సెంటర్, ట్రస్ట్ సెంటర్ సెట్టింగ్స్, మాక్రో సెట్టింగ్స్. చుక్క రెండో వరుసలో, అంటే ‘డిజేబుల్ ఆల్ మాక్రోస్ విత్ నోటిఫికేషన్’ దగ్గర ఉండాలి. మాక్రోలను ఆపుతుంది, ఆపానని చెబుతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ల్యాప్‌టాప్ అయితే, లేదా ఆఫీసును ఎవరో వేరేవాళ్లు ఇన్‌స్టాల్ చేసిపెట్టినదైతే, తప్పనిసరిగా చూడండి. ఎక్సెల్‌కు విడిగా, వర్డ్‌కు విడిగా ఉంటుంది ఈ సెట్టింగు. రెండూ చూడాలి.

రోజూ వాడే మాక్రో ఫైల్ ఉండి, పట్టీతో నిజంగానే విసుగొస్తుంటే దానికీ దారి ఉంది. అదే ట్రస్ట్ సెంటర్‌లో ట్రస్టెడ్ లొకేషన్స్ అని ఉంటుంది. ఒక కొత్త ఫోల్డర్ చేసి, దాన్ని అక్కడ చేర్చి, ఆ ఒక్క బిల్లు ఫైల్‌ను అందులో పెట్టండి. ఆ ఫోల్డర్‌లోని ఫైళ్లకు పట్టీ రాదు, మిగతా అన్నిటికీ వస్తుంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ను గానీ డెస్క్‌టాప్‌ను గానీ అలా చేర్చకండి. ఇంటి చెత్తంతా చేరేది అక్కడే.

పెన్‌డ్రైవ్ సంగతి

ఇందాక చెప్పిన ముద్రకు ఒక బలహీనత ఉంది. అది విండోస్ డిస్కు పద్ధతిలో, అంటే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో మాత్రమే నిలుస్తుంది. మన పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా ఫ్యాట్32 లేదా ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఉంటాయి. ఇంటర్నెట్ నుంచి దించిన ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించగానే ముద్ర రాలిపోతుంది. ఆ పెన్‌డ్రైవ్‌ను మీ ల్యాప్‌టాప్‌లో పెట్టి తెరిస్తే ఎర్ర పట్టీ రావాల్సిన ఫైల్‌కు పసుపు పట్టీయే వస్తుంది. ఎర్రది రాలేదు కాబట్టి ఫైల్ మంచిదే అనుకోవడానికి లేదు. ఫ్రెండ్ ఇచ్చిన పెన్‌డ్రైవ్, ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గరో నాచారం మెయిన్ రోడ్డు మీదో జిరాక్స్ షాపులో పెట్టి తెచ్చిన పెన్‌డ్రైవ్, రెండూ ఈ లెక్కలోకే వస్తాయి. షాపు వాళ్ల తప్పేమీ లేదు. రోజంతా వందమంది పెన్‌డ్రైవ్‌లు పెట్టి తీసే కంప్యూటర్ అది.

ప్రింటు కోసమే అయితే వర్డ్ ఫైల్‌ను అసలు ఇల్లు దాటించకండి. సేవ్ యాజ్‌లో పీడీఎఫ్ ఎంచుకోండి. వర్డ్ మాక్రోలు పీడీఎఫ్‌లోకి వెళ్లవు. ఇంకో లాభం కూడా ఉంది. తెలుగు వ్యాసం ఉన్న ఫైల్‌ను షాపు కంప్యూటర్‌లో వర్డ్‌లో తెరిస్తే అక్కడ ఆ ఫాంట్ లేక ఒత్తులు, గుణింతాలు చెదిరిపోతుంటాయి. పీడీఎఫ్‌లో అక్షరాలు సాధారణంగా కదలవు.

తికమక పెట్టే కొన్ని సందర్భాలు

వర్డ్ ఫైళ్లలో పేరు చివర డాక్స్ అని ఉంటే లోపల మాక్రో ఉండదు. డాక్‌ఎమ్ అని ఉంటే ఉండవచ్చు. ఈ విభజన 2007 వర్షన్‌తో వచ్చింది. అంతకుముందరి డాక్ ఫైళ్లలో ఉండవచ్చు, లేకపోవచ్చు, పేరు చూసి చెప్పలేం. పాత ప్రశ్నపత్రాలు, పాత నోట్సు ఇంకా డాక్ రూపంలోనే తిరుగుతున్నాయి కాబట్టి వాటి దగ్గర కొంచెం ఆగండి. విండోస్ ఈ చివరి అక్షరాలను దాచిపెడుతుంది. ఫోల్డర్ కిటికీలో వ్యూ మెనూకు వెళ్లి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ మీద టిక్ పెడితే కనిపిస్తాయి.

డాక్స్ ఫైలే, అయినా మాక్రో హెచ్చరిక వచ్చింది. ఇదెలా? ప్రతి డాక్యుమెంట్‌కూ వెనక ఒక టెంప్లేట్ ఉంటుంది. మాక్రో డాక్యుమెంట్‌లో లేకపోయినా ఆ టెంప్లేట్‌లో ఉండవచ్చు, ఆ టెంప్లేట్ ఇంటర్నెట్‌లో ఎక్కడో ఉండి ఫైల్ తెరిచినప్పుడు దిగవచ్చు కూడా. ఒక విద్యార్థి హోంవర్క్‌కు అలాంటి ఏర్పాటుతో పనేముంది? మూసేయండి.

ఇంకొకటి, దీన్ని అశ్రద్ధ చేయకూడదు. మీ అబ్బాయి తానే టైప్ చేసిన ఫైల్, మాక్రో అంటే ఏమిటో తెలియని పిల్లాడిది, వేరే కంప్యూటర్‌లో తెరిస్తే మాక్రో హెచ్చరిక చూపించింది. అప్పుడు అనుమానించాల్సింది మీ ఇంటి కంప్యూటర్‌నే. పాత తరహా మాక్రో వైరస్‌లు వర్డ్ మూలంలో ఉండే నార్మల్ అనే టెంప్లేట్‌లోకి చేరి, అక్కడి నుంచి మనం సేవ్ చేసే ఫైళ్లలోకి ఎక్కుతాయి. ఆ టెంప్లేట్‌ను వర్డ్ నమ్ముతుంది కాబట్టి మీ కంప్యూటర్‌లో పట్టీ రాదు. ముందు విండోస్ సెక్యూరిటీతో ఫుల్ స్కాన్ చేయండి. ఆ తర్వాత వర్డ్ మూసేసి, నార్మల్ టెంప్లేట్ పేరు మార్చేస్తే వర్డ్ మళ్లీ తెరిచినప్పుడు కొత్తది తయారుచేసుకుంటుంది. మీరు పెట్టుకున్న కొన్ని ఫాంట్, మార్జిన్ అలవాట్లు పోతాయి, అంతే.

పట్టీ ఏదీ రాదు, మాక్రో కూడా నడవదు అంటే సెట్టింగు మొదటి వరుసలో, చెప్పకుండా ఆపేసే చోట ఉంది. సెట్టింగులన్నీ బూడిద రంగులో ఉండి మార్చడానికే కుదరకపోతే అది ఆఫీసు ల్యాప్‌టాప్, ఐటీ విభాగం బిగించి ఇచ్చింది. ఉప్పల్, హబ్సిగూడ, పోచారం వైపు ఐటీ కంపెనీల్లో పనిచేసే తల్లిదండ్రులు మనలో చాలామందే ఉన్నారు. ఆ తాళం తీసే ఉపాయాలు వెతకకండి. నిజానికి పిల్లల ఫైళ్లు ఆ ల్యాప్‌టాప్‌లో తెరవకపోవడమే మేలు. అక్కడ ఏదైనా జరిగితే నష్టం మీ ఇంటితో ఆగదు, సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది మీరే.

పాఠంలోనే మాక్రో ఉంటే

సీబీఎస్‌ఈ పదో తరగతిలో 402 కోడ్‌తో ఐటీ సబ్జెక్టు తీసుకున్న పిల్లలకు స్ప్రెడ్‌షీట్ భాగంలో మాక్రోలు పాఠమే. లిబ్రేఆఫీస్ క్యాల్క్‌లో మాక్రో రికార్డు చేసి, మళ్లీ నడిపి చూపించాలి. కాబట్టి ఇంట్లో మాక్రో అనే మాట వినగానే కంగారు పడి లాక్కోకండి. రికార్డ్ మాక్రో అనేది మెనూలో కనిపించడం లేదని పిల్లలు అంటే, టూల్స్, ఆప్షన్స్, లిబ్రేఆఫీస్, అడ్వాన్స్‌డ్‌లో మాక్రో రికార్డింగ్‌కు టిక్ పెట్టాలి. అదే ఆప్షన్స్‌లో సెక్యూరిటీ కింద మాక్రో సెక్యూరిటీ ఉంటుంది. నాలుగు స్థాయిలు: వెరీ హై, హై, మీడియం, లో. హై దగ్గరే ఉంచండి. పక్కనున్న ట్రస్టెడ్ సోర్సెస్ ట్యాబ్‌లో పిల్లల ప్రాక్టికల్ ఫోల్డర్ ఒక్కదాన్ని చేర్చండి. తను రాసిన మాక్రో నడుస్తుంది, బయటివాళ్లది నడవదు. ‘లో’ పెట్టేయడం సులువే కానీ పరీక్ష అయిపోయాక దాన్ని వెనక్కి మార్చడం ఎవరికి గుర్తుంటుంది?

మాక్రో అక్కర్లేదు, లోపలున్న విషయం మాత్రం కావాలి. ఎక్కువసార్లు మన అవసరం ఇదే. అప్పుడు ఫైల్‌ను గూగుల్ డాక్స్‌లో తెరవండి, లేదా ఫోన్‌లోని వర్డ్ యాప్‌లో తెరవండి. అక్కడ ఈ మాక్రోలు నడవవు. చదువుకోవచ్చు, కాపీ చేసుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లోనే అయితే ఎనేబుల్ కంటెంట్ నొక్కకుండా, సేవ్ యాజ్‌లో మామూలు వర్డ్ డాక్యుమెంట్ ఎంచుకోండి. మాక్రో పోతుంది, ఫర్వాలేదా అని వర్డ్ అడుగుతుంది. ఎస్ అనండి. అక్షరాలు మిగులుతాయి.

మాక్రోల దారి బిగిసేకొద్దీ మోసగాళ్లు వేరే రకం ఫైళ్లకు మారుతున్నారు. పెళ్లి పత్రిక పేరుతో, ట్రాఫిక్ చలానా పేరుతో, బ్యాంకు కేవైసీ పేరుతో వాట్సాప్‌లో వస్తున్న ఏపీకే ఫైళ్లు ఆ కోవలోవే. శుభలేఖ ఫొటోగా వస్తుంది, పీడీఎఫ్‌గా వస్తుంది. ఇన్‌స్టాల్ చేయమని అడగదు. స్కూలు సర్క్యులర్ చదవడానికి కూడా మాక్రోతో పని ఉండదు. మా పేరుతో వచ్చిన ఫైల్ ఎనేబుల్ కంటెంట్ నొక్కమంటే క్లాస్ టీచర్‌కు ఫోన్ చేసి అడగండి, మొహమాటపడకండి.

ఇప్పటికే నొక్కేసి ఉంటే

ముందుగా వైఫై ఆపేయండి. ఆ ల్యాప్‌టాప్‌లో ఇక ఏ పాస్‌వర్డ్ టైప్ చేయకండి. ఫోన్‌లోనో మరో కంప్యూటర్‌లోనో మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చండి. ముందు మెయిల్‌ది మార్చాలి, ఎందుకంటే మిగతా పాస్‌వర్డ్‌లన్నీ రీసెట్ అయ్యేది దాని ద్వారానే. తర్వాత విండోస్ సెక్యూరిటీలో ఉండే డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఇవేవీ చేసే ముందే మీ ఐటీ విభాగానికి చెప్పండి. నొక్కింది పిల్లలైతే ఆ పూటకు తిట్టడం వాయిదా వేయండి. ఏ ఫైల్, ఎప్పుడు తెరిచారు, తర్వాత తెర మీద ఏం కనిపించింది అన్నది వాళ్లకు మాత్రమే తెలుసు. భయపెడితే ఆ వివరాలు బయటికి రావు.

ఖాతాలోంచి డబ్బు పోయినట్టు కనిపిస్తే బ్యాంకుకు చెప్పి, వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును దారిలోనే ఆపే అవకాశం అంత ఎక్కువ. ఫోన్ చేసేటప్పుడు బ్యాంకు మెసేజ్, లావాదేవీ నంబరు, సమయం దగ్గర పెట్టుకోండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఆ ఫైల్‌ను, అది వచ్చిన మెయిల్‌ను లేదా మెసేజ్‌ను మాత్రం తుడిచేయకండి. పోలీసులు అడుగుతారు.